గోరంత ముఖచిత్రం

అంగళ్ల పేరు పలకలను చేతితో వ్రాసే చిత్రకారుని పనిని కాసేపు నిలబడి గమనించినవారికి ఒక దృశ్యం జ్ఞాపకం ఉండవచ్చును. అతడు నిచ్చెన మీద నిలిచి ఒక అక్షరం దిద్దుతాడు. పిదప క్రిందికి దిగి, రోడ్డు దాటి, ఎదుటి టీ కొట్టు దగ్గర నిలబడి తాను వ్రాసినదానిని తానే చూచుకుంటాడు. మరల వచ్చి నిచ్చెన ఎక్కుతాడు. ఆ పలకను చదివేవాడు నిచ్చెన మీద ఉండడనీ, రోడ్డు మీద పోతూ ఉంటాడనీ అతనికి తెలుసు. సాహిత్యం బోధించే నేను వీడియో గేముల ముఖచిత్రాలను గురించి వ్రాయ సాహసించుటకు ఈ దృశ్యమే కొంత ధైర్యమిచ్చింది.

మరొక కారణం కూడ కలదు. మన విద్యార్థులిద్దరు రెండేండ్లపాటు సెలవులు సైతం మాని ఒక చిన్న వీడియో గేమ్ తయారు చేశారు. చీకటి కోటలో ఒక బాలుడు నూనె దీపం ఆరిపోకుండా కాపాడుకుంటూ బయటికి దారి వెదకుకొనుట అందలి ఆట. దానిని ఇంటర్నెట్ అంగడిలో పెట్టిన రెండు నెలల తరువాత వారిలో ఒకడు నా వద్దకు వచ్చి, “సార్, ఆడినవాళ్లందరూ బాగుందంటున్నారు. అసలు తెరిచి చూసేవాళ్లే లేరు” అన్నాడు. అతని కంప్యూటరు తెర మీద ముఖచిత్రం నిజంగా ముచ్చటగా ఉన్నది. కోట బురుజులు, చంద్రుడు, గబ్బిలాలు, దీపం పట్టిన బాలుడు, పైన మూడు వరుసలలో లతలు చుట్టిన అక్షరాలతో ఆట పేరు. తరువాత అదే బొమ్మను నా ఫోనులో, అంగడి జాబితాలో చూపించాడు. “ఏమయ్యా, ఇందులో మీ ఆట ఏది?” అని అడిగాను. వరుసలో మూడవది వారిదట. బురద రంగు మరక ఒకటి కనిపించింది.

ఆటలు అట్టపెట్టెలలో అమ్ముడుపోయిన కాలం వేరు. 1977లో అటారీ సంస్థ ఇంటి టెలివిజనుకు తగిలించే తన యంత్రాన్ని విడుదల చేసినప్పుడు తెర మీద కదిలేవి కొన్ని గీతలు, చతురస్రాలు మాత్రమే. వాటి వెనుక ఉన్న కథను పెట్టె మీది వర్ణచిత్రమే ఊహకు అందించేది. కొనేవాడు ఆ పెట్టెను చేతికి తీసుకుని, త్రిప్పి, వెనుక వ్రాసినది చదివి నిర్ణయించుకునేవాడు. ఇప్పుడు కంప్యూటరు ఆటల విషయంలో ఆ పెట్టె దాదాపు అదృశ్యమైనది. వాల్వ్ సంస్థ 2003లో ప్రారంభించిన స్టీమ్, 2013లో వెలసిన ఇచ్ డాట్ ఐఓ వంటి ఇంటర్నెట్ అంగళ్లు దాని స్థానాన్ని ఆక్రమించినవి. 2024 ఒక్క సంవత్సరంలో స్టీమ్‌లో విడుదలైన ఆటలు 18 వేలకు పైబడినవి. అనగా రోజుకు సుమారు 50. పెద్ద సంస్థల ఆటలకు ప్రకటనల బలం ఉంటుంది. ఒకరిద్దరు కూడి స్వంతంగా నిర్మించే ఆటలకు, వీటినే ఇండీ గేములంటారు, ఆ బలం లేదు. బొటనవేలి గోరంత బొమ్మే వాటికి పెట్టె, ప్రకటన, అంగడి పలక అన్నీ. థంబ్‌నెయిల్ అనే మాటకు అర్థం కూడ ఆ గోరే కదా!

ఇక కొలతలు. స్టీమ్ వారు ఈ బొమ్మలను క్యాప్సూళ్లు అంటారు. తెర మీది బొమ్మ పిక్సెల్ అనే అతి చిన్న చుక్కల కూర్పు గనుక కొలత వాటిలోనే చెప్పవలెను. శీర్షిక క్యాప్సూల్ 920 చుక్కల వెడల్పు, 430 చుక్కల ఎత్తు. చిన్న క్యాప్సూల్ 462, 174. ఇచ్ డాట్ ఐఓలో 630, 500 ఉండుట మంచిదని సూచిస్తారు. ఈ అంకెలు చూచి తగినంత చోటున్నదని మురిసిపోరాదు. చిన్న క్యాప్సూల్‌ను కొన్ని జాబితాలలో 120, 45 వరకు కుదించి చూపుతారు. కనుక లెక్క 45 నుండి మొదలు కావలెను.

మన విద్యార్థుల బొమ్మకు ఆ లెక్క వేసి చూచాము. 45 చుక్కల ఎత్తులో పేరు మూడు వరుసలు. మధ్య ఖాళీలు పోగా వరుసకు 12 చుక్కలు. తెలుగు అక్షరం మూడంతస్తుల మేడ వంటిది. పైన తలకట్టో గుడియో, నడుమ అక్షరం, క్రింద వత్తు. అంతస్తుకు దక్కినవి 4 చుక్కలు. అందులో “క్ష్మీ” వంటి అక్షరం ఇమడ్చగల చిత్రకారుడు ఇంకా జన్మించలేదు! ఉర్దూకు మరొక చిక్కు కలదు. నస్తాలీఖ్ లిపిలో పదం కుడివైపు ఎత్తున మొదలై ఎడమకు జారుతూ దిగుతుంది. ఆ జారుటలోనే దాని సొగసు, దానికి ఎత్తు కావలెను. సన్నని అడ్డపట్టీలో దానికంటె గీత మీద నిలిచే నస్ఖ్ లిపియే చక్కగా చదువబడుతుంది. ఉర్దూ శాఖలోని మిత్రులు ఈ మాటకు నన్ను మన్నింతురు గాక. ఏ లిపియైనను చిన్న క్యాప్సూల్‌లో పేరే దాదాపు చోటంతా నిండవలెనని స్టీమ్ వారి సలహా. పేరు పొట్టిదైతే చిత్రకారునికి సగం శ్రమ తగ్గుతుంది. అందుచేత పేరు పెట్టేనాడే ఈ బొమ్మను తలచుకొనుట మేలు.

పేరు తరువాతి మాట రూపం. ఆస్ట్రేలియాలోని టీమ్ చెర్రీ అనే చిన్న బృందం 2017లో విడుదల చేసిన హాలో నైట్ ఆటను చూడండి. రెండు కొమ్ములు గల తెల్లని ముసుగు, అందులో రెండు నల్లని కన్నులు, వెనుక చీకటి. ఎంత కుదించినా ఆ ముసుగు ముసుగుగానే మిగులుతుంది. ఆ ఆటలో విశాలమైన భూగర్భ రాజ్యం, వందకు పైగా శత్రువులు ఉన్నారు. వారినందరినీ బొమ్మలో ఇరికించినట్లయితే ఒక్కరూ మిగిలేవారు కారు. మన విద్యార్థులు చేసిన పొరపాటు సరిగా ఇదే. రెండేండ్ల శ్రమలో ఏ ఒక్కటీ వదులుకొనుటకు వారికి మనసొప్పలేదు. ఆ మమకారాన్ని నేను తప్పుపట్టలేను.

వెలుగునీడల విషయంలో ఒక సులభమైన పరీక్ష కలదు. బొమ్మలోని రంగులన్నీ తీసివేసి నలుపు తెలుపులలో చూడవలెను. ముఖ్యరూపం వెనుకటి దృశ్యంలో కలిసిపోతే ఎన్ని రంగులద్దినా ప్రయోజనం లేదు. స్టీమ్ అంగడి గోడ ముదురు నీలం కనుక అంచులు నల్లగా ఉన్న బొమ్మ ఆ గోడలోనే కరిగిపోతుంది. ఒంటరిగా చూచినప్పుడు బాగున్న బొమ్మను నిజమైన జాబితా పుటలో, అదే జాతికి చెందిన పది ఆటల నడుమ అతికించి, ఫోనును మోచేయి దూరంలో ఉంచి చూడవలెను. చిత్రకారుడు రోడ్డు దాటుట అనగా ఇదే.

ఒకప్పుడు కొందరు తమ బొమ్మల మీద పత్రికల ప్రశంసలు, బహుమతుల పేర్లు, తగ్గింపు ధరలు కూడ వ్రాసేవారు. 2022 సెప్టెంబరు 1 నుండి స్టీమ్ దానిని నిషేధించినది. ఆట చిత్రం, ఆట పేరు, ఉపశీర్షిక తప్ప మరేమీ ఉండరాదు. పేదవాని ఆటకు ఈ నియమం మేలే చేసినదని నా అభిప్రాయం. ఇప్పుడు అందరి పలకలూ ఒకే మాట చెప్పవలసి ఉన్నది.

అయితే చూపును ఆకర్షించుట ఒక్కటే పని అనుకుంటే ప్రమాదం. స్టీమ్‌లో కొన్న ఆటను 14 దినాలలోగా, 2 గంటలకు మించి ఆడకుండా తిరిగి ఇచ్చినచో డబ్బు వాపసు చేస్తారు. నింపాదిగా ఆలోచింపజేసే ఆటకు కత్తులు, మంటలు ముఖచిత్రంగా పెట్టినచో యుద్ధం కోరేవాడు వచ్చి, అరగంటలో విసుగుతో పోతాడు. నింపాదియైన ఆట కోరేవాడు అసలే రాడు. ఎరిక్ బారోన్ నాలుగేండ్లకు పైగా ఒంటరిగా శ్రమించి 2016లో విడుదల చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ సేద్యపు ఆట. దాని పేరు చెక్క పలకల వంటి అక్షరాలలో ఉంటుంది. ఆ అక్షరాలే ఇది పల్లె, ఇక్కడ తొందర లేదు అని తెలుపుతవి. బొమ్మ ఎందరికి కనిపించినది, వారిలో ఎందరు పుటలోనికి వచ్చినారు అను లెక్క స్టీమ్ వారు నిర్మాతకు అందజేస్తారు. వెయ్యిమందికి కనిపించి ఐదుగురే వచ్చినచో బొమ్మను అనుమానించవలెను. వచ్చినవారు చాలమందియై కొనేవారు లేనిచో బొమ్మ చెప్పిన మాటకూ పుటలోని ఆటకూ పొత్తు కుదిరినదో లేదో విచారించవలెను.

కృత్రిమ మేధ చేత క్షణాలలో బొమ్మ గీయించవచ్చునని నేడు పలువురు అంటారు. 2024 జనవరి నుండి అట్టి బొమ్మలను వాడినచో ఆ సంగతి స్టీమ్‌లో వెల్లడించవలసి ఉన్నది. నియమం మాట అటుంచి, ఆ యంత్రం ఇచ్చే బొమ్మలు నేను చూచినంతవరకు మన విద్యార్థుల మొదటి బొమ్మ వలెనే సకల వివరాలతో క్రిక్కిరిసి ఉంటున్నవి. ఏది వదలవలెనో చెప్పవలసినవాడు ఆట చేసినవాడే.

వారిరువురూ ఇప్పుడు రెండవ బొమ్మ గీస్తున్నారు. కోట పోయినది, చంద్రుడు పోయినాడు. నల్లని వెనుకభాగం మీద దీపాన్ని గాలి నుండి కాపాడే చిన్న అరచేయి ఒకటి, దాని ప్రక్కన ఒకే వరుసలో లావుపాటి అక్షరాలతో పేరు. అంచున సన్నని పసుపు వెలుగు. గబ్బిలాలలో ఒకదానినైనా ఉంచుదామని ఒకడు, వద్దని మరొకడు నిన్న నా గదిలోనే వాదించుకొన్నారు. 120, 45 కొలతకు కుదించి చూడమన్నాను. గబ్బిలం 3 చుక్కలైనది.