చీటీ మీద ఒక పేరు, పెట్టెలో ఇంకో చేప



మన ఆడవాళ్లు చేపల బజారుకి వెళ్తే ఊరికే కొనరు. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూస్తారు, వేలితో కండ నొక్కుతారు, కొర్రమీనైతే బతికుండాలంటారు. తలా తోకా ఉన్న చేపకు వేరే పేరు చెప్పి వాళ్లకు అమ్మడం కష్టం. కానీ తల, తోలు తీసేసి, ముక్కలు కోసి, గడ్డకట్టించి పెట్టెలో పెట్టిన చేప సంగతి వేరు. అక్కడ మనం నమ్మేది పైన అంటించిన చీటీనే. మన సంఘ కుటుంబాల పిల్లలు ఎంతోమంది అమెరికాలో ఉన్నారు, అలాంటి చేపే కొని వండుకుంటున్నారు. ఇప్పుడు మన పట్టణాల్లోనూ దొరుకుతోంది. అందుకే 2007లో చికాగోలో జరిగిన సంగతి చెప్పాలనుకున్నాం.

అక్కడ ఇద్దరు 'మాంక్ ఫిష్' అనుకొని కొన్న చేపతో ఇంట్లోనే సూపు కాచుకున్నారు. ఇద్దరికీ జబ్బు చేసింది. ఒకరి పరిస్థితి విషమించి ఆసుపత్రిలో చేర్చారు. లక్షణాలు చూస్తే అది పఫర్ చేప విషంలా ఉంది. పఫర్ అంటే బెదిరితే పొట్ట బంతిలా ఉబ్బించుకొనే చేప, మన బంగాళాఖాతంలోనూ వలల్లో పడుతుంటుంది. అమ్మిన దుకాణం వారిని అడిగితే అది మాంక్ ఫిషే అన్నారు. కాలిఫోర్నియా నుంచి సరఫరా చేసిన వారూ అదే మాట. నిజం చెప్పింది తినగా మిగిలిన ముక్కలే. జన్యు పరీక్షలో అది పఫర్ చేపల కుటుంబానిదని తేలింది, విషమూ ఎక్కువ మోతాదులో బయటపడింది. ఆ సరుకు ఒక్కొక్కటి సుమారు 10 కిలోల చొప్పున 282 పెట్టెలు అప్పటికే మూడు రాష్ట్రాలకు వెళ్లిపోయింది. 2007 మే నెలలో అమెరికా ప్రభుత్వం హెచ్చరిక జారీ చేసింది, సరుకు వెనక్కి తెప్పించారు.

మాంక్ ఫిష్‌కు ఒళ్లంతా తలే. అందుకని తోకవైపు కండ మాత్రమే కోసి అమ్ముతారు. పఫర్‌నూ తల, తోలు తీసి అలాగే పెడితే కొనేవారు ఎలా పోల్చుకుంటారు? థాయిలాండులో 2002లోనే ఈ చేప అమ్మకాన్ని నిషేధించారు. అయినా 2007 నాటికి దాన్నే సాల్మన్ అని అమ్ముతున్నారనీ, మూడేళ్లలో పదిహేను మందికి పైగా చనిపోయారనీ అక్కడి వైద్యులొకరు చెప్పారు.

ఈ విషం పేరు టెట్రోడోటాక్సిన్. చేప కాలేయం, జన, పేగులు, తోలులో ఎక్కువగా ఉంటుంది, కొన్ని రకాల్లో కండలోనూ ఉంటుంది. "బాగా ఉడికిస్తే పోదా సిస్టర్?" అని అడుగుతారు. పోదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా పోదు. వాసన, రుచి తేడా కూడా తెలియదు.

చెడిపోయిన చేప తింటే ముందు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయని మనకు తెలుసు. ఇది అలా కాదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి కొన్ని గంటల లోపు పెదవులు, నాలుక జివ్వుమని మొద్దుబారతాయి. తరువాత ముఖం, చేతులు తిమ్మిరెక్కుతాయి, మాట ముద్దగా వస్తుంది, కాళ్లు నిలవవు. నరాలు కండరాలకు పంపే కబురు ఆగిపోతుంది. ఊపిరి పీల్చే కండరాలు కూడా పడిపోతే ప్రాణం పోతుంది.

దీనికి విరుగుడు మందు లేదు. ఉన్న వైద్యమల్లా వెంటిలేటరుతో ఊపిరి అందిస్తూ, బీపీ చూసుకుంటూ విషం దిగేదాకా కాపాడడమే. మొదటి 24 గంటలు గట్టెక్కితే చాలామంది కోలుకుంటారు. ఇక్కడ మా నర్సులకు మేము పదేపదే చెప్పే మాట ఒకటుంది. కదలక, పలకక పడి ఉన్నా ఆ రోగికి చాలాసార్లు పూర్తి స్పృహ ఉంటుంది, మనం మాట్లాడేదంతా వింటుంటారు. మంచం పక్కన నిలబడి "ఇక లాభం లేదు" అనకూడదు. పేరు పెట్టి పిలిచి, చేసే ప్రతి పనీ చెప్పి చేయాలి. చూడవచ్చే బంధువులకూ ఇదే మా మనవి.

చేప తిన్నాక మూతి మొద్దుబారిందంటే తెల్లారేదాకా చూద్దామనుకోకండి, వెంటనే 108కి ఫోను చేయండి. ఉప్పునీళ్లు, చింతపండు రసం తాగించి కక్కించవద్దు. మింగే బలం తగ్గినవారికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అదే కూర తిన్న మిగతావారు బాగానే ఉన్నా వెంట తీసుకురండి. ఏ పేరుతో కొన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో డ్యూటీ డాక్టరుగారికి చెప్పండి. భయంతో కూర పారబోయకండి, ప్యాకెట్ కవరు కూడా పడేయకండి. గిన్నెతో సహా క్యాజువాలిటీకి పట్టుకొచ్చినా మేము ఏమీ అనుకోం.