చిట్టి డబ్బాలో పెద్ద రాజకీయం

న్యూఢిల్లీ: ఏప్రిల్ నెల వచ్చిందంటే రాజధానిలో పార్లమెంటు ద్వారం కంటె నర్సరీ బడుల గుమ్మాల వద్దే హడావుడి ఎక్కువ. కొత్త విద్యాసంవత్సరం ఆరంభమయ్యే ఆ రోజులలో, ఉదయం ఏడున్నర వేళకు ఏ కాలనీ వీధిలో నిలబడినా కనిపించే దృశ్యం ఒక్కటే. మూడేళ్లు నిండీ నిండని పసివాడు, వీపున వాని ఎత్తుకు మించిన సంచి, మెడలో నీళ్ల సీసా, సంచిలో ఒక చిన్న టిఫిను డబ్బా. పంజాబీ ఇంటి డబ్బాలో పరాఠా ఉంటుంది, తమిళుల డబ్బాలో ఇడ్లీ, మన తెలుగువారి డబ్బాలో పెరుగన్నమో, నేతితో కలిపిన పప్పన్నమో ఉంటుంది. ఈ నగరంలో విలేకరిగా ఎన్నో ఏప్రిల్ నెలలు చూశాను. తల్లి చెయ్యి విడిచి ఏడ్చే పిల్లలు మారుతున్నారు గాని, డబ్బా మూత బిగించే తల్లుల ఆరాటం మారలేదు.

ఆ బడిలో చోటు సంపాదించడమే ఒక ఎన్నికల పోరాటం వంటిది. పసిపిల్లలను, వారి తల్లిదండ్రులను కూర్చోబెట్టి ప్రశ్నలు వేసే ముఖాముఖీలు ఒకప్పుడు ఇక్కడ మామూలు. ఢిల్లీ హైకోర్టు నియమించిన అశోక్ గంగూలీ కమిటీ ఆ పద్ధతిని కాదని, నూరు మార్కుల పద్ధతిని సూచించింది. ఆ తరువాత 2007లో ఢిల్లీ ప్రభుత్వం నర్సరీ ప్రవేశాలకు ప్రత్యేక ఉత్తర్వు జారీ చేసింది. 2013 డిసెంబరులో లెఫ్టినెంట్ గవర్నరు మార్గదర్శకాలు వెలువరించి, బడికి దగ్గరగా నివసించే పిల్లలకు 70 మార్కులు కేటాయించారు. ప్రైవేటు యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. 2014 నవంబరులో హైకోర్టు వాటిని కొట్టివేసింది. మూడేళ్ల బిడ్డ బడికి పోవడానికి ఇన్ని వ్యాజ్యాలు నడవడం విడ్డూరమే.

ఈ గందరగోళానికి మూలం చట్టంలోనే ఉంది. రాజ్యాంగ నిర్మాతలు 45వ అధికరణంలో 14 ఏళ్లలోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించాలని ఆదేశించారు. అందులో ఆరేళ్లు అనే కింది గీత లేదు. 2002లో 86వ సవరణ ద్వారా విద్య ప్రాథమిక హక్కుగా మారినప్పుడు ఆ హక్కు 6 నుంచి 14 ఏళ్లవారికే పరిమితమైంది. ఆరేళ్లలోపు పిల్లలకు మిగిలినది రాజ్యం ‘ప్రయత్నించాలి’ అన్న మాట మాత్రమే. 2009 నాటి విద్యాహక్కు చట్టం సైతం వారి విషయంలో ప్రభుత్వాలు ఏర్పాట్లు ‘చేయవచ్చు’నన్నదే గాని, చేసి తీరాలనలేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశ అని ప్రకటించింది. విధానంలో ఉన్న ఈ వయస్సు హక్కులో మాత్రం లేదు.

డబ్బా కట్టి పంపలేని ఇళ్ల పిల్లల సంగతి వేరు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ కాలంలోనే పల్లెలలో బాల్వాడీలు నెలకొన్నాయి. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం 33 ప్రాజెక్టులతో మొదలైంది. నేడు దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలు ఉన్నాయి. యమునకు ఆవలనున్న ఒక బస్తీలో అటువంటి కేంద్రానికి వెళ్లాను. ఒక్కటే గది, గోడ మీద అక్షరాల పటం, మూలన తూకపు యంత్రం. పిల్లలు ఇంటినుంచి ఖాళీ గిన్నెలు తెచ్చుకున్నారు. అక్కడ డబ్బా నింపవలసినది తల్లి కాదు, ప్రభుత్వం.

నింపే తీరు ఎట్లున్నది? 2013 నాటి ఆహారభద్రతా చట్టం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందించాలన్నది. 2017లో సవరించిన లెక్క ప్రకారం ఇందుకు ఒక్కొక్క బిడ్డకు రోజుకు కేటాయించినది 8 రూపాయలు. 2021లో మధ్యాహ్న భోజన పథకానికి ‘పీఎం పోషణ్’ అని పేరు పెట్టి, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలోని బాలవాటిక పిల్లలకూ భోజనం విస్తరింపజేశారు. సంతోషమే. పేరు మార్చినంత సులువుగా పళ్లెంలోని పదార్థం మారుతుందా అన్నదే ప్రశ్న.

ఆ పదార్థం వద్దనే అసలు రాజకీయం మొదలవుతుంది. 1982లో తమిళనాడులో ఎం.జి. రామచంద్రన్ బడి ఈడుకు రాని పిల్లలకు సైతం భోజన పథకం పెట్టారు. కాలక్రమాన అక్కడి పళ్లెంలోకి గుడ్డు వచ్చింది. 2015లో మధ్యప్రదేశ్‌లో నాటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ అంగన్‌వాడీలలో గుడ్డుకు ససేమిరా అన్నారు. తల్లి కట్టిన డబ్బాకూ ఈ తనిఖీ తప్పలేదు. 2024 ఆగస్టులో నోయిడాలోని ఒక ప్రైవేటు పాఠశాల పిల్లలకు మాంసాహారం పంపవద్దని తల్లిదండ్రులకు తెలిపింది. పొద్దున వండినది మధ్యాహ్నానికి పాడవుతుందన్నది వారు చెప్పిన కారణాలలో ఒకటి. మరుసటి నెలలో అమ్రోహాలో మాంసాహారపు డబ్బా వివాదంలో ఒక పసివాడు బడికే దూరమయ్యాడు. తల్లి అలహాబాద్ హైకోర్టును ఆశ్రయించగా, వేరే బడిలో చేర్పించే ఏర్పాటు చేయవలసిందిగా డిసెంబరులో జిల్లా మేజిస్ట్రేటును న్యాయస్థానం ఆదేశించింది. పాడయ్యే ఆహారమే భయమైతే ఆ నియమం అన్ని వంటలకూ వర్తించాలి. ఒక్క మాంసానికే వర్తించినప్పుడు అది ఆరోగ్య సూత్రం కాజాలదు.

దీనికి భిన్నమైన కథ 2025లో కేరళలో నడిచింది. అంగన్‌వాడీలో ఉప్మా బదులు బిర్యానీ, వేపుడు కోడి కావాలని ఒక బాలుడు ముద్దుగా అడిగిన వీడియో రాష్ట్రమంతటా వ్యాపించింది. మంత్రి వీణా జార్జ్ ఆ కోరికను నవ్వి వదిలివేయలేదు. జూన్ నెలలో ప్రకటించిన కొత్త భోజన పట్టికలో గుడ్డు బిర్యానీ చేరింది, చక్కెర, ఉప్పు తగ్గాయి. ఓటు హక్కు లేని పౌరుని మాట ప్రభుత్వం ఆలకించిన సందర్భాలు మనకు ఎక్కువ లేవు.

ఇక వండి వడ్డించే చేతుల మాట. 2018లో పెంచిన లెక్క ప్రకారం అంగన్‌వాడీ కార్యకర్తకు కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 4,500 రూపాయలు. దానికి రాష్ట్రాలు తమకు తోచినంత కలుపుతాయి. వీరికి గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినను 2023 డిసెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వేలాది కార్యకర్తలు 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది. ప్రభుత్వం ‘ఎస్మా’ ప్రయోగించింది. అత్యవసర సేవ అని ఎస్మా ప్రయోగించినప్పుడు గుర్తుకు వచ్చిన ఆ పని విలువ జీతం నిర్ణయించేటప్పుడు గుర్తుకు రాకపోవడం గమనార్హం.

ప్రతి బడ్జెట్టు వేళ ఈ రాజధానిలో లక్షల కోట్ల అంకెలు వింటుంటాను. ఆరేళ్లలోపు బిడ్డకు బడి, భోజనం రెండూ చట్టబద్ధమైన హక్కుగా ఇవ్వడానికి రాజ్యాంగాన్ని కొత్తగా వ్రాయనక్కరలేదు, 2002లో గీసిన గీతను చెరిపితే చాలు. కాలనీ బిడ్డ డబ్బాను, బస్తీ బిడ్డ గిన్నెను పక్కపక్కన పెట్టి చూడగల ప్రభుత్వమే ఆ పని చేయగలదు. అంతవరకు నేతల ఉపన్యాసాలలో పిల్లలు భావి పౌరులుగానే మిగులుతారు. ఆకలి మాత్రం భావికాలం వరకు ఆగదు.