గుసల్‌ఖానాకు గాలి: అటుక మీద ఎగ్జాస్ట్ ఫ్యాను ఎందుకు, ఎలా?



మన సొసైటీ ఆడపిల్లల హాస్టల్‌లో ఆరు గుసల్‌ఖానాలకు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగించాలని ఈ ఏడాది పనుల జాబితాలో చేర్చాం. జాబితా చూసిన కొందరు దాతలు, “గోడకు కిటికీలు ఉన్నాయి కదా, ఫ్యాను దేనికి? పెట్టినా అటుక మీద ఎందుకు?” అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. సమాధానం అందరికీ తెలిస్తే వారివారి ఇండ్లలోనూ పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

మన పాత గూనపెంకల ఇండ్లలో ఈ సమస్య లేదు. ఆవిరి పెంకల సందుల్లోంచి తనంతట తానే పోయేది. పైగా స్నానాల గది చాలా ఇండ్లలో పెరట్లో, విడిగా ఉండేది. స్లాబు ఇండ్లు వచ్చాక గుసల్‌ఖానా ఇంటి నడుమకు వచ్చింది. దానిపైన ఏడడుగుల ఎత్తులో సామాన్ల కోసం అటుక వేయడం అలవాటైంది. కప్పు కిందికి దిగింది, గాలి తిరిగే చోటు తగ్గింది.

దీనికి మన ప్రాంతపు చలి తోడవుతుంది. ఆదిలాబాద్ వైపు, తిర్యాణి, సిర్పూర్ (యు) మండలాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగడం కొత్త కాదు. కరీంనగర్‌లోనూ తెల్లవారుజామున చలి తక్కువేమీ కాదు. ఫజర్‌కు ముందు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వేడినీళ్లతో స్నానం చేస్తారు. వేడి గాలి ఎక్కువ తేమను మోస్తుంది. అది చల్లని స్లాబుకు తగలగానే తేమను వదిలేస్తుంది. ఎండాకాలంలో మంచినీళ్ల గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే కప్పుకు, గోడ మూలలకు నీటిబొట్లు పడతాయి. రోజూ ఆరని గోడకు నల్లని బూజు పడుతుంది. ఆ బూజు రేణువులు దగ్గు, ఆయాసం ఉన్న పిల్లలను మరింత ఇబ్బంది పెడతాయి. సున్నం రాలుతుంది, ఇనుప చువ్వలు తుప్పు పడతాయి.

మరి కిటికీ? ఆడపిల్లల హాస్టల్‌లో వెంటిలేటర్లకు అట్టముక్కలు, పాత దుపట్టాలు అడ్డుపెట్టి ఉంటాయి. బయటివాళ్ల చూపు పడుతుందన్న భయం ఒకటి, చలి ఒకటి. పిల్లలను తప్పుపట్టడానికి లేదు. పర్దా చెడకుండా గాలి బయటికి పోయే దారి చూపించడం పెద్దల పని. అటుక మీది ఫ్యాను ఆ పని చేస్తుంది. కింద కనిపించేది చిన్న జాలీ మాత్రమే. ఫ్యాను అటుకలో ఉంటుంది కాబట్టి దాని మీద నీళ్లు పడవు, తడిచేయి తగలదు, చప్పుడు కూడా తక్కువ.

ఎంత ఫ్యాను కావాలి? లెక్క సులభం. మన గుసల్‌ఖానా ఒక్కొక్కటి 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, అటుక దాకా 7 అడుగుల ఎత్తు. హెచ్చవేస్తే 245 ఘనపుటడుగులు, అంటే సుమారు 7 ఘనపు మీటర్లు. గంటకు పదిసార్లు ఆ గదిలో గాలి మారాలనుకుంటే గంటకు 70 ఘనపు మీటర్ల గాలి లాగాలి. అయితే పెట్టె మీద 70 అని రాసి ఉన్నది కొంటే చాలదు. ఆ అంకె సాధారణంగా పైపు తగిలించకుండా చెప్పినది. పైపు పొడవు, వంపులు కలిసేసరికి గాలి తగ్గుతుంది. అందుకే దాదాపు రెట్టింపు, 140 నుంచి 150 దాకా ఉన్నది తీసుకోవాలి.

బిగించే పద్ధతిలో చూడవలసినవి ఇవి. జాలీ తలుపుకు దూరంగా, స్నానం చేసే మూలకు పైన ఉండాలి. అప్పుడే తలుపు కింది నుంచి వచ్చిన గాలి గదంతా దాటి పోతుంది. తలుపు కింద అర అంగుళం నుంచి అంగుళం సందు తప్పనిసరి. లోపలికి గాలి రానిదే బయటికి పోదు. అటుక స్లాబుకు రంధ్రం సుత్తి, ఉలితో కొట్టించకూడదు. చువ్వలు ఎక్కడున్నాయో చూసి, కోర్ కటింగ్ మిషనుతో గుండ్రంగా కోయించాలి. ఫ్యాను కింద రబ్బరు ముక్కలు వేస్తే అదురు స్లాబుకు పాకదు.

అన్నిటికన్నా ముఖ్యం పైపు. చాలా ఇండ్లలో ఫ్యాను బిగించి, పైపును అటుకలోనే వదిలేస్తారు. కింద ఆవిరి కనిపించదు కాబట్టి పని అయిందనుకుంటారు. కానీ ఆ తేమంతా అటుకలోని రజాయిలకు, పుస్తకాల పెట్టెలకు పడుతుంది. మన హాస్టల్ అటుకల్లో ఉన్నవి దాతలు ఇచ్చిన రజాయిలు, పాఠ్యపుస్తకాలే. కనుక పైపు బయటి గోడ దాటి తీరాలి. పీవీసీ పైపు అయితే మంచిది. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున బయటికి వాలు ఇవ్వాలి. లేకుంటే పైపులో చేరిన నీళ్లు వెనక్కి వచ్చి ఫ్యానులో పడతాయి. బయటి మూతి కిందికి వంగి ఉండాలి, పావురాలు, ఉడుతలు దూరకుండా జాలీ ఉండాలి. ఆరు గదులకూ కలిపి ఒకే పైపు వేస్తే ఖర్చు తగ్గుతుందని మేస్త్రీ అనవచ్చు. అప్పుడు ఒక గది ఆవిరి, వాసన ఇంకో గదిలోకి వస్తాయి. ఏ గదికి ఆ పైపే వేయించాలి.

కరెంటు పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. స్విచ్చు గది బయట ఉండాలి, ఎర్తింగు సరిగా ఉండాలి, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. స్నానం అయ్యాక మరో పావుగంట ఫ్యాను తిరిగేలా టైమరు పెట్టాలి. కరెంటు బిల్లు భయం అక్కరలేదు. 30 వాట్ల ఫ్యాన్లు ఆరు రోజుకు నాలుగు గంటలు తిరిగితే నెలకు 22 యూనిట్ల లోపే.

ఒక హెచ్చరిక. కొన్ని ఇండ్లలో గుసల్‌ఖానా లోపలే గ్యాస్ గీజర్ పెడుతున్నారు. మూసిన గదిలో గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం దాని గుర్తులు. తలుపు తీసే ఓపిక కూడా లేకుండా పడిపోయే ప్రమాదం ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది కదా అని ధైర్యపడకూడదు. గాలి వచ్చే సందు లేకుంటే ఫ్యాను ఆ విషవాయువునే గదిలోకి తిరిగి లాగవచ్చు. గ్యాస్ గీజర్ గది బయట, ఆరుబయలు గాలి తగిలేచోట ఉండాలి, వేడినీళ్లు మాత్రమే పైపులో లోపలికి రావాలి. బొగ్గుల కుంపటి అసలే వద్దు. ఎవరైనా పడిపోతే వెంటనే బయటి గాలికి తెచ్చి 108కి ఫోన్ చేయాలి.

పని పూర్తయ్యాక పరీక్ష తేలిక. తలుపు మూసి, జాలీ దగ్గర పలుచని కాగితం ముక్క పెట్టాలి. అది జాలీకి అతుక్కుని నిలిస్తే గాలి లాగుతున్నట్టు. తర్వాత గోడ బయటికి వెళ్లి, పైపు మూతి దగ్గర చేయి పెట్టి చూడాలి. లోపల లాగుతూ బయట గాలి రాకుంటే పైపు అటుకలో ఎక్కడో ఊడినట్టే. మేస్త్రీకి చివరి డబ్బులు ఈ రెండు పరీక్షలయ్యాకే ఇస్తాం. జాలీ, ఫ్యాను రెక్కలు ఏడాదికి రెండుసార్లు, రంజాన్‌కు ముందు ఒకసారి, వేసవి సెలవుల్లో ఒకసారి శుభ్రం చేయించి వార్డెన్ రిజిస్టరులో రాయిస్తాం.

నీళ్ల కూలరుకు, సీలింగ్ ఫ్యాన్లకు దాతలు సంతోషంగా ముందుకొస్తారు. వాటి మీద తల్లిదండ్రుల పేరు రాయించుకుంటారు, అది మంచిదే. అటుకలోని పైపు మీద పేరు రాస్తే చదివేవారు ఉండరు. అయినా తహారత్‌కు వెళ్లే ప్రతి పిల్లకూ రోజూ దాని మేలు అందుతుంది. ఒక్కో దాత ఒక్కో గుసల్‌ఖానా ఖర్చు భరిస్తే చలికాలం రాకముందే ఆరూ పూర్తవుతాయి. సదఖా, లిల్లాహ్ రసీదు మీద “గుసల్‌ఖానా పని” అని రాయిస్తే ఆ సొమ్ము ఆ పనికే ఖర్చవుతుంది. లెక్కలు వచ్చే సంచికలో అచ్చు వేస్తాం.