పరిచారకుని చూచి వృద్ధాశ్రమాన్ని ఎంచుకోండి

మంచానపడిన తల్లిదండ్రులను వృద్ధాశ్రమంలో చేర్పించదలచిన మా చర్ల ప్రాంతంవారు, ఏది మంచిదని నన్ను అడుగుతుంటారు. భవనాన్ని కాదు, పరిచారకుని చూడమంటాను.

వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి: ఈ నాలుగూ చికిత్సకు పాదాలని చరక సంహిత చెబుతున్నది. పరిచారకునికి ఉండవలసిన గుణాలూ నాలుగే. వాటిని ఇలా పరీక్షించవచ్చు.

ఉపచారజ్ఞానం: కదలలేనివారిని సుమారు రెండు గంటలకొకసారి ఒత్తిగిలజేయాలి. మడమలు, పిరుదులు, నడుము క్రింది ఎముక వద్ద చర్మం కమిలి, గట్టిపడి ఉన్నచో పుండు పడబోతున్నదని గ్రహించండి.

దక్షత: రాత్రివేళ పిలిస్తే ఎంతసేపటికి వస్తున్నారో తోటి వృద్ధులను విచారించండి.

అనురాగం: కూర్చోబెట్టి, పొలమారకుండా, ముద్దముద్దకూ ఆగి తినిపించాలి. కోయ భాష మాత్రమే తెలిసిన పెద్దలకు ఆ భాష ఎరిగినవారు ఒక్కరైనా ఉండాలి. నొప్పి ఎక్కడో చెప్పుకోలేనివారికి ఔషధమేమి ఫలిస్తుంది?

శౌచం: గోళ్లు, పక్కబట్టలు, నాలుక చూడండి. నాలుక ఎండి ఉంటే నీరు చాలడం లేదేమోనని అనుమానించి అడగండి.

చేర్పించిన తరువాత కూడా, ముందుగా చెప్పకుండా, భోజనవేళకు వెళ్లి చూస్తూ ఉండండి. బిడ్డలు వచ్చిపోయే చోట పరిచర్య సడలదు.