తుపాకీ తేలికైతే తన్ను ఎక్కువ

ఛత్తీస్‌గఢ్ దక్షిణాన, బస్తర్ అడవుల్లోని గొల్లపల్లి ప్రాంతంలో కోయల సంప్రదాయ ఆయుధం విల్లు. తేలికైనదే, అయినా భుజాన్ని తన్నదు. కొండలెక్కే వేటగాడి కోసం తుపాకీ బరువు తగ్గిస్తే మాత్రం భుజానికి దెబ్బ పెరుగుతుంది. ఎందుకని?

తూటా ఎంత ద్రవ్యవేగంతో ముందుకు దూసుకుపోతే, తుపాకీ అంతే ద్రవ్యవేగంతో వెనక్కి వస్తుంది. 10 గ్రాముల తూటా సెకనుకు 800 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుందాం. మందు నుంచి వెలువడే వాయువులను పక్కన పెట్టినా, 4 కిలోల తుపాకీ సెకనుకు 2 మీటర్ల వేగంతో వెనక్కి తన్నుతుంది. అదే 2 కిలోలదైతే వేగం 4 మీటర్లు. అప్పుడు దాని గతిశక్తి 8 జౌళ్ల నుంచి 16 జౌళ్లకు పెరుగుతుంది. ఆ తన్నుకు జంకి చేయి కదిలితే దూరపు గురి తప్పుతుంది, జంతువు గాయంతో పారిపోతుంది.

30 గ్రాముల బాణం సెకనుకు 40 మీటర్ల వేగంతో వెళ్లినా, దాని ద్రవ్యవేగం ఆ తూటాలో దాదాపు ఏడో వంతే. విల్లు తన్నకపోవడానికి ఇదొక కారణం. అయితే దాని గురి దగ్గరి దూరాలకే.

వన్యప్రాణుల వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. నేడు అడవిలో పశువైద్యులు పట్టే మత్తు సూది తుపాకీకి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. సూది మరీ వేగంగా తగిలితే జంతువుకే గాయం. అందుకే వేగం తగ్గించి, దగ్గరకు వెళ్లి వేస్తారు.