డ్రాయింగ్ ట్యాబ్లెట్ మీటల భాష: నొక్కింది ఏదో కంప్యూటర్‌కు తెలిసేదెలా?

డ్రాయింగ్ ట్యాబ్లెట్ మీద బొమ్మలు వేసేవారికి రెండు చేతులా పని ఉంటుంది. ఇది సినిమాలు చూసుకునే ట్యాబ్ కాదు. కంప్యూటర్‌కు తగిలించుకుని, ప్రత్యేకమైన పెన్నుతో గీసే పలక. కుడిచేతిలో పెన్ను కదులుతూ ఉంటే ఎడమచేతి వేళ్లు పలక అంచున వరుసగా ఉన్న మీటల మీద ఉంటాయి. ఒకటి నొక్కితే కుంచె, ఇంకొకటి నొక్కితే రబ్బరు, మరొకటి నొక్కితే ఇప్పుడే గీసిన తప్పు గీత మాయం. గంటల తరబడి సాగే పనిలో మాటిమాటికీ కీబోర్డు వైపు చెయ్యి చాచే శ్రమను తప్పించేవి ఈ మీటలే. కొత్త ట్యాబ్లెట్‌ను లినక్స్ కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్ను చక్కగా గీస్తుంది, మీటలు మాత్రం మొరాయిస్తాయి. లేదా ఒకటి నొక్కితే ఇంకేదో జరుగుతుంది. పెన్నుకు లేని ఈ ఇబ్బంది మీటలకే ఎందుకు?

మీట నొక్కగానే ట్యాబ్లెట్ లోపలి చిన్న చిప్ కొన్ని బైట్ల సందేశాన్ని యూఎస్‌బీ తీగ గుండా పంపుతుంది. దీన్ని రిపోర్ట్ అంటారు. అందులో ఏ బైటుకు ఏ అర్థమో చెప్పే పట్టిక పేరు రిపోర్ట్ డిస్క్రిప్టర్. ఆ పట్టికను కూడా, తగిలించిన క్షణంలోనే, పరికరమే అందజేస్తుంది. హెచ్‌ఐడీ అనే ఈ ఉమ్మడి ప్రమాణం వల్లనే ఏ కంపెనీ మౌస్ అయినా, కీబోర్డు అయినా వేరే సాఫ్ట్‌వేర్ అవసరం లేకుండా పనిచేస్తుంది. పెన్ను ఎక్కడ ఉంది, ఎంత ఒత్తిడి పడుతోంది అన్నవాటికి ఈ ప్రమాణంలో స్పష్టమైన పేర్లున్నాయి. అంచు మీటలకూ అందులో చోటుంది. అయినా వాటి విషయంలో చాలామంది తయారీదారులు ఎవరి దారి వారు పట్టారు.

అందరికీ సులువుగా తోచిన దారి మారువేషం. మీటలు తమను తాము కీబోర్డుగా చెప్పుకుంటాయి. కొన్ని హ్యూయన్ ట్యాబ్లెట్లలో ఒక మీట నొక్కితే కీబోర్డు మీద ‘బి’ నొక్కినట్టు, మరొకటి నొక్కితే ‘కంట్రోల్-ఎస్’ నొక్కినట్టు సందేశం వెళుతుంది. చాలా చిత్రలేఖన ప్రోగ్రాముల్లో ‘బి’ అంటే కుంచె కాబట్టి ఏ డ్రైవర్ లేకుండానే పని జరిగిపోతుంది. అంతవరకు బాగానే ఉంది.

కానీ ఈ వేషంలో మీట తన గుర్తింపును పోగొట్టుకుంటుంది. హెచ్‌ఐడీ కీబోర్డు పట్టికలో ‘బి’కి సంఖ్య 5. మీట నొక్కినప్పుడు వచ్చేది ఆ 5. అది నిజమైన కీబోర్డు నుంచి వచ్చిందా, పలక మీది మొదటి మీట నుంచి వచ్చిందా అన్నది ఆ అంకెలో ఉండదు. ఇక కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉన్నప్పుడు ‘బి’ స్థానంలో ఉండే అక్షరం ‘వ’. బొమ్మకు తెలుగులో పేరు టైపు చేస్తూ చేస్తూ పొరపాటున పలక మీద మీట నొక్కితే, పేరు మధ్యలో ఒక ‘వ’ వచ్చి కూర్చుంటుంది. కుంచె అనుకుని నొక్కింది అక్షరమైపోతుంది.

మరి మీట అసలు గుర్తింపును బయటికి రప్పించడం ఎలా? యూసీ-లాజిక్ తరహా ట్యాబ్లెట్ల విషయంలో దీనికి దొరికిన జవాబు విచిత్రమైనది. చాలా యూఎస్‌బీ పరికరాల్లో తయారీదారు పేరు, మోడల్ పేరు వంటి చిన్న వాక్యాలు అంకెల వారీగా దాచి ఉంటాయి. కంప్యూటర్ ఫలానా అంకె వాక్యం ఏమిటని అడగవచ్చు. ఈ ట్యాబ్లెట్లలో కొన్నింటిని 123వ వాక్యం అడిగితే ‘హెచ్‌కే ఆన్’ అని బదులొస్తుంది. అడగడమే తాళంచెవి. ఆ క్షణం నుంచి మీటలు కీబోర్డు వేషం విడిచి మొదటిది, రెండవది, మూడవది అని తమ వరుస సంఖ్యలతోనే పలుకుతాయి. పేరు చదివే పనికి పెట్టిన ఏర్పాటును స్విచ్‌గా వాడటం తెలివో, అతి తెలివో చెప్పడం కష్టం. తయారీదారులు ఈ సంగతి బయటపెట్టలేదు. విండోస్ డ్రైవర్‌కూ ట్యాబ్లెట్‌కూ మధ్య యూఎస్‌బీ తీగలో జరిగే సంభాషణను ఓపిగ్గా రికార్డు చేసి, చదివి, డిజిమెండ్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు చేసిన కృషి ఇది. లినక్స్ కెర్నెల్‌లోని ‘హిడ్-యూసీలాజిక్’ డ్రైవర్‌లో ఆ 123 ఇప్పటికీ కనిపిస్తుంది.

మీట సంఖ్య దొరికాక డ్రైవర్ చేయవలసిన ముఖ్యమైన పని ఏమిటంటే, దానికి సొంత అర్థం కట్టకపోవడం. కెర్నెల్ ‘బటన్-0’, ‘బటన్-1’ అని మాత్రమే పైకి చెబుతుంది. దాని పైన ఉండే లిబ్‌ఇన్‌పుట్ అనే పొర పెన్నును ఒక పరికరంగా, మీటల వరుసను ‘ప్యాడ్’ అనే వేరే పరికరంగా అందిస్తుంది. ఆ మీట కుంచె కావాలా, రబ్బరు కావాలా అన్నది డెస్క్‌టాప్ సెట్టింగ్‌లలో వాడేవారి ఇష్టం.

అయితే బటన్-0 పలక మీద ఎక్కడుందో అంకెను బట్టి తెలియదు. ఆ సమాచారం లిబ్‌వాకమ్ అనే సమాచార నిధిలో ఉంటుంది. ఏ మోడల్‌కు ఎన్ని మీటలు, అవి ఎడమ అంచునా, పై అంచునా అన్నది అందులో మోడల్ వారీగా రాసి ఉంటుంది. పేరులో వాకమ్ ఉన్నా ఇతర కంపెనీల ట్యాబ్లెట్లకూ అందులో చోటుంది. ఎడమచేతి వాటం వారు పలకను అటుదిటు తిప్పి వాడతారు కదా, అప్పుడు మీటలు కుడివైపుకు వస్తాయి. తెర మీద మీటల పటం సరిగ్గా కనబడాలంటే ఈ వివరం అవసరం. పాత వాకమ్ ఇంట్యూయోస్ ప్రో పలకల మీద వేలితో తిప్పే వలయం ఉండేది. దాని ఒక చుట్టుకు 72 మెట్లు, అంటే మెట్టుకు 5 డిగ్రీలు. లిబ్‌ఇన్‌పుట్ దాన్ని డిగ్రీల్లోకి మార్చి చెబుతుంది. వేలు ఎత్తగానే -1 అని పంపుతుంది.

చాలాకాలం పాటు ఒక మోడల్ చేసే చిన్న తప్పును సరిదిద్దాలన్నా కెర్నెల్‌నే మార్చవలసి వచ్చేది. ఆ మార్పు మామూలు వినియోగదారుల కంప్యూటర్లకు చేరేసరికి నెలలు గడిచేవి. 2023లో వచ్చిన లినక్స్ 6.3లో హెచ్‌ఐడీ-బీపీఎఫ్ అనే వెసులుబాటు చేరింది. పరికరం పంపే పట్టికనో, బైట్లనో దారిలోనే సవరించే చిన్న ప్రోగ్రామును నడుస్తున్న కెర్నెల్‌లోకే ఎక్కించవచ్చు. అది ప్రమాదకరమైనది కాదని కెర్నెల్ ముందుగా పరీక్షించుకున్నాకే లోపలికి రానిస్తుంది.

ఇలాంటి ప్రోగ్రాములు రాసేవారి దగ్గర ప్రపంచంలోని ట్యాబ్లెట్లన్నీ ఉండవు. పలక ఉన్నవారు ‘హిడ్-రికార్డర్’ అనే పరికరాన్ని నడిపి, ఒక్కో మీటనూ వరుసగా ఒక్కసారి నొక్కి వదిలి, నమోదైన బైట్ల ఫైలును పంపుతారు. అవతలివారు తమ కంప్యూటర్‌లో ఆ ఫైలును తిరిగి ఆడిస్తే, కెర్నెల్ దాన్ని నిజమైన ట్యాబ్లెట్‌గానే చూస్తుంది. ఒక్కసారైనా ముట్టుకోని పలకకు డ్రైవర్ అలా తయారవుతుంది.