రాకెట్ పక్కన పెట్టాక మొదలైన ఆట: కోచ్‌గా గోపీచంద్ ఏం మార్చారు? ఏ ప్రశ్న మిగిల్చారు?

2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించారు. 1980లో ప్రకాశ్ పదుకొణె తర్వాత ఆ ఘనత సాధించిన రెండో భారతీయుడు ఆయనే. అప్పటికి వయసు 27.

ఆటగాడిగా ఆయన శిఖరం అదే. కానీ ఇవాళ గోపీచంద్ పేరు చెబితే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది ఆ టైటిల్ కాదు, కోర్టు పక్కన కుర్చీలో కూర్చున్న కోచ్. ఈ మార్పు ఎలా జరిగింది?

మోకాలు నేర్పిన పాఠం

అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973లో గోపీచంద్ పుట్టారు. చిన్నప్పుడు క్రికెట్ మీద మోజు ఉన్నా బ్యాడ్మింటన్ వైపు మళ్లారు. హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర, తర్వాత బెంగళూరులో ప్రకాశ్ పదుకొణె అకాడమీలో సాన పట్టుకున్నారు.

1994లో ఒక డబుల్స్ మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. శస్త్రచికిత్సలు, నెలల తరబడి విశ్రాంతి. బ్యాడ్మింటన్‌లో ప్రతి షాట్‌కూ ముందుకు వంగి, మోకాలి మీద బరువు వేసి, మళ్లీ వెనక్కి రావాలి. అలాంటి ఆటలో ఈ గాయం తర్వాత నిలబడటం కష్టం. అయినా 1996 నుంచి 2000 వరకు వరుసగా ఐదుసార్లు జాతీయ చాంపియన్ అయ్యారు. కానీ గాయాలు వదల్లేదు. ఆల్ ఇంగ్లండ్ తర్వాత ఆ స్థాయి విజయం మళ్లీ రాలేదు.

గాయపడిన శరీరాన్ని ఎలా కాపాడుకోవాలి, ఎప్పుడు ఆపాలి, ఎంత సాధన చాలు అన్నవి గోపీచంద్ సొంత అనుభవంతో నేర్చుకున్నారు. కోచ్‌కు పనికొచ్చిన మొదటి పెట్టుబడి అదే.

ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ

రెండో పెట్టుబడి డబ్బు. అది ఆయన దగ్గర లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో 5 ఎకరాల స్థలం లీజుకు ఇచ్చింది. కట్టడానికి సొమ్ము కోసం కుటుంబం ఇంటిని తాకట్టు పెట్టింది. శీతల పానీయాల ప్రకటనలు చేయనని అంతకుముందే ఆయన కాదనుకున్నారు కాబట్టి ఆ దారీ లేదు. చివరికి పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఇచ్చిన విరాళంతో పని ముందుకు సాగింది. 2008లో అకాడమీ తలుపులు తెరిచింది. అప్పటికే, 2006లో, ఆయన జాతీయ చీఫ్ కోచ్ అయ్యారు.

అక్కడ మారింది ఏమిటి? తెల్లవారకముందే మొదలయ్యే సాధన, ఒకే చోట కోర్టులు, జిమ్, ఫిజియో, వసతి. అన్నిటికంటే ముఖ్యం, మంచి ఆటగాళ్లు రోజూ ఒకరితో ఒకరు ఆడటం. అంతకుముందు మన దగ్గర ప్రతిభ ఉన్న కుర్రాడికి ఊళ్లో దీటైన ప్రత్యర్థే దొరికేవాడు కాదు. గచ్చిబౌలిలో పక్క కోర్టులోనే దొరికాడు.

ఫలితాలు కనబడ్డాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్‌కు కాంస్యం. 2014 కామన్వెల్త్ క్రీడల్లో పారుపల్లి కశ్యప్‌కు స్వర్ణం. 2016 రియోలో పి.వి. సింధుకు రజతం. 2017లో కిదాంబి శ్రీకాంత్ ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచి, 2018లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. 2009లో ద్రోణాచార్య, 2014లో పద్మభూషణ్ గోపీచంద్‌కు దక్కాయి.

ఒక్కడే ఎందరిని చూడగలడు?

ఈ కథకు రెండో వైపూ ఉంది. ఆటగాడు తన ఒంటిని, తన ప్రత్యర్థిని చూసుకుంటే చాలు. కోచ్ ఒకేసారి పదుల మందిని చూడాలి. వాళ్లలో ఇద్దరు ఒకే టైటిల్ కోసం పోటీ పడుతుంటే సమయం ఎవరికి ఎక్కువ ఇవ్వాలి?

2014లో సైనా బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరకు వెళ్లారు. ఆ మరుసటి ఏడాదే ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. 2017లో మళ్లీ గచ్చిబౌలికి వచ్చారు. 2019లో సింధు ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఆమెతో పనిచేసింది కొరియా కోచ్ కిమ్ జీ హ్యున్. టోక్యోలో కాంస్యం గెలిచినప్పుడు వెంట ఉన్నది మరో కొరియన్, పార్క్ టే సాంగ్. 2022లో భారత్ థామస్ కప్ గెలిచిన జట్టులో సాత్విక్ సాయిరాజ్ జోడీకి డబుల్స్ మెలకువలు నేర్పింది డెన్మార్క్ మాజీ ఆటగాడు మథియాస్ బో.

అంటే గోపీచంద్ పునాది వేశారు. ఆ పైన అంతస్తులు కట్టడానికి మరికొన్ని చేతులు కావాల్సి వచ్చింది. ఇది ఆయన వైఫల్యం కాదు. ఒక వ్యక్తి భుజాల మీదే వ్యవస్థను నడిపితే ఎక్కడో ఒకచోట ఆగుతుందన్నదే ఇందులో పాఠం. 2024 పారిస్ ఒలింపిక్స్ నుంచి బ్యాడ్మింటన్ బృందం పతకం లేకుండా తిరిగొచ్చింది.

ఆయనే వేసిన ప్రశ్న

2025లో గోపీచంద్ ఒక మాట అన్నారు. ఆర్థికంగా స్థిరపడని కుటుంబాలు పిల్లల్ని ఆటనే జీవితంగా ఎంచుకోనివ్వొద్దని దాని సారాంశం. ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టిన మనిషి నోట ఆ మాట రావడం చాలామందిని కలవరపెట్టింది. విమర్శలూ వచ్చాయి.

కానీ లెక్క చూస్తే ఆయన భయం అర్థమవుతుంది. వందల మంది సాధన చేస్తే ఒకరిద్దరు పైకి వస్తారు. మిగిలినవారు పాతికేళ్లు దాటేసరికి చదువు సగంలో, గాయాలు ఒంట్లో, ఉద్యోగం లేకుండా మిగులుతారు. పాలమూరు రైతు కుటుంబమైనా, బతుకుదెరువుకు సూరత్ మగ్గాలకు వలస వెళ్లిన నేత కుటుంబమైనా, అంత నష్టాన్ని తట్టుకోలేదు.

ఆడటం మానేశాక ఏం చేయాలన్న ప్రశ్నకు గోపీచంద్ తనకు తాను జవాబు వెతుక్కున్నారు. ఆయనకు ఆల్ ఇంగ్లండ్ టైటిల్ ఉంది, పేరుంది, స్థలం ఇచ్చిన ప్రభుత్వం ఉంది. అవేవీ లేని ఆటగాడికి ఎవరు జవాబు చెబుతారు? చదువుతో పాటు ఆట, ఆట తర్వాత కోచింగ్ శిక్షణ, ఉద్యోగ భరోసా అందేదాకా, పిల్లను కోర్టుకు పంపాలా వద్దా అన్నది ప్రతి తల్లీతండ్రీ ఒంటరిగా వేసుకునే లెక్కే.